గ్రాము మేలు, రెండు గ్రాముల కీడు: వేరుశనగ చేలో నానో కణాలు

వేరుశనగకు పుట్టినిల్లు దక్షిణ అమెరికా. తెలుగువారి దృష్టితో చూస్తే దానికి మెట్టినిళ్ళు రెండు: ఒకటి రాయలసీమ, రెండవది జార్జియా. రాయలసీమ వారు శెనక్కాయలని, తెలంగాణ వారు పల్లీలని పిలిచే ఈ గింజ అమెరికాలో పండేదానిలో దాదాపు సగం జార్జియా రాష్ట్రంలోనే పండుతుంది. 1977 నుంచి 1981 వరకు అమెరికా అధ్యక్షుడుగా ఉండి, 2024 డిసెంబరులో నూరేళ్ళ వయసులో కన్నుమూసిన జిమ్మీ కార్టర్ ఈ రాష్ట్రంలోని ప్లెయిన్స్ అనే పల్లెకు చెందిన వేరుశనగ రైతు. నేడు సాఫ్ట్‌వేర్ కార్యాలయాలకు పేరుపడిన అల్ఫారెట్టా సైతం ఒకప్పుడు ప్రత్తి పండించే రైతుల ఊరే. 1858లో ఏర్పడిన ఈ పట్టణం, 1932లో ఫుల్టన్ కౌంటీలో కలిసిపోయే వరకు మిల్టన్ కౌంటీకి ముఖ్యపట్టణంగా ఉండేది. ఇక్కడ ఇంటి పునాది త్రవ్వితే బయటపడే ఎర్రమట్టిని చూసి అనంతపురమో, చిత్తూరో గుర్తుకు తెచ్చుకోని రాయలసీమ వాసి ఉండడు.

అల్ఫారెట్టాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలావాటికి స్వగ్రామంలో ఎకరమో, రెండెకరాలో, అంతకు మించో పొలం ఇంకా మిగిలే ఉంది. తమ్ముడో, బావమరిదో, కౌలుదారో దానిని సాగు చేస్తుంటారు. విత్తనాల కాలం వచ్చేసరికి సముద్రాలు దాటి ఒక ప్రశ్న వస్తుంది: "అన్నా, కొట్టువాడు నానో ఎరువు వాడమంటున్నాడు, కొనమంటావా?" అమెరికాలో చదువుకున్నవాడు కాబట్టి అన్నకు తెలిసి ఉంటుందని తమ్ముడి నమ్మకం. పత్రికలో చూసిన శీర్షికను బట్టి అన్న "కొను" అనో "వద్దు" అనో చెబుతాడు. ఆ ఒక్క మాట మీద ఒక సంవత్సరపు పంట ఆధారపడి ఉంటుంది. విషయం అంత బరువైనది కాబట్టి, ఆ ప్రశ్నకు సమాధానం వెదికే పద్ధతి ఎలా ఉండాలో విచారించడం అవసరం.

పిట్ట కొంచెం, కూత ఘనం

ఒక మీటరులో నూరు కోట్లవ వంతు నానోమీటరు. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు ఉంటుంది. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణం గల కణాలను నానో కణాలంటారు. పదార్థాన్ని ఇంత చిన్న స్థాయిలో మలచడం సాధ్యమేనని 1959 డిసెంబరులో కాలిఫోర్నియాలో ఇచ్చిన ఉపన్యాసంలో భౌతిక శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ ఊహించాడు. 1974లో జపాను దేశపు ఆచార్యుడు నోరియో తనిగుచి ఆ విద్యకు నానోటెక్నాలజీ అని పేరు పెట్టాడు.

పరిమాణం తగ్గితే ప్రవర్తన ఎందుకు మారాలి? ఈ ప్రశ్నకు గణితమే జవాబు చెబుతుంది. ఒక సెంటీమీటరు భుజం గల ఘనాన్ని తీసుకుంటే దాని ఆరు ముఖాల మొత్తం వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని ఒక్కొక్క నానోమీటరు భుజం గల ముక్కలుగా కోయగలిగితే, ఆ ముక్కలన్నింటి ఉపరితలం 6,000 చదరపు మీటర్లవుతుంది. అంటే చక్కెర బిళ్ళంత పదార్థం దాదాపు ఎకరంన్నర నేలంత విస్తరిస్తుందన్నమాట. రసాయన చర్యలు జరిగేది ఉపరితలం మీదనే కాబట్టి, ఆ పదార్థం త్వరగా కరుగుతుంది, త్వరగా అంటుకుంటుంది, త్వరగా చర్య జరుపుతుంది. మేలు చేసేదైతే త్వరగా మేలు చేస్తుంది. కీడు చేసేదైనా అంతే త్వరగా చేస్తుంది.

ఈ కణాలు ప్రవాసుల ఇళ్ళకు కొత్తవి కావు. ఎండకు పూసుకునే లేపనాలు కొన్నింటిలో జింకు ఆక్సైడు నానో కణాలున్నాయి. చెమట వాసన రాకుండా కొన్ని మేజోళ్ళలో వెండి నానో కణాలు కలుపుతారు. అవి ఉతికిన నీటితో మురుగుశుద్ధి కేంద్రానికి చేరి, అక్కడి బురదలో చాలా భాగం మిగిలిపోతాయి. అమెరికాలో ఆ బురదలో గణనీయమైన భాగాన్ని పొలాలకు ఎరువుగా చల్లుతారు. ఆ విధంగా, పొలం ముఖం చూడని నగరవాసి కూడా తెలియకుండానే చేలోకి నానో కణాలను పంపుతున్నాడు.

తిరుపతి ప్రయోగం

ఇక తెలుగు నేల మీద జరిగిన ప్రయోగానికి వద్దాం. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన తిరుపతి ప్రాంతీయ పరిశోధన స్థానంలో టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్, ఆయన సహచరులు మద్రాసు ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞుడు టి. ప్రదీప్ బృందంతో కలిసి వేరుశనగ మీద జింకు ఆక్సైడు నానో కణాల ప్రభావాన్ని పరిశీలించారు. ఫలితాలు 2012లో మొక్కల పోషణకు సంబంధించిన ఒక అంతర్జాతీయ పత్రికలో వెలువడ్డాయి. వేరుశనగ మీద నానో కణాల ప్రభావాన్ని తెలిపిన మొదటి నివేదిక అదేనని వారు పేర్కొన్నారు.

జింకునే ఎందుకు ఎన్నుకున్నారు? మొక్కలోని అనేక ఎంజైములకు జింకు కావాలి. పెరుగుదలను నడిపించే ఆక్సిన్ అనే హార్మోను తయారు కావడానికీ కావాలి. అది లోపిస్తే కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క గిడసబారుతుంది. భారతదేశంలో ఈ లోపం తీవ్రతను మొదట చాటింది వరి పైరు. పంత్‌నగర్‌లో వరిని పీడించిన ఖైరా తెగులుకు కారణం సూక్ష్మజీవి కాదనీ, జింకు లోపమేననీ 1966లో వై.ఎల్. నెనె నిరూపించాడు. ఆయనే అటుపిమ్మట హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరువు ఇక్రిశాట్ సంస్థలో పనిచేశాడు.

తిరుపతి ప్రయోగంలో వాడిన కణాల సగటు పరిమాణం 25 నానోమీటర్లు. పది లక్షల పాళ్ళకు 1,000 పాళ్ళ గాఢతలో, అనగా లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున కలిపి విత్తనాలను శుద్ధి చేసినప్పుడు మొలక శాతం, మొలక బలం పెరిగాయి. పూత ముందుగా వచ్చింది. ఆకులలో పత్రహరితం హెచ్చింది. సాధారణంగా వాడే జింకు సల్ఫేటుతో పోల్చితే ఒక్కొక్క మొక్కకు కాయల దిగుబడి 34 శాతం అధికంగా వచ్చింది. తరువాత 2008-09, 2009-10 రబీ కాలాలలో పొలంలో ఆకులపై పిచికారీ చేసి చూశారు. సిఫారసు చేసిన జింకు సల్ఫేటు మోతాదులో పదిహేనవ వంతు మాత్రమే నానో జింకు వాడినా, మొదటి సంవత్సరం 29.5 శాతం, రెండవ సంవత్సరం 26.3 శాతం అధిక దిగుబడి లభించింది.

ఇది చిన్న విజయం కాదు. అయితే ఆ వ్యాసంలోనే మరొక వాక్యం ఉంది. గాఢతను 2,000 పాళ్ళకు పెంచినప్పుడు అవే కణాలు మొక్క పెరుగుదలను అడ్డుకున్నాయి. లీటరుకు ఒక గ్రాము మేలు చేస్తే, రెండు గ్రాములు కీడు చేశాయి. మేలుకూ కీడుకూ మధ్యనున్న దూరం ఒక్క గ్రాము. అందువల్ల ఈ కణాలను ఆచితూచి వాడాలని ఆ శాస్త్రజ్ఞులే హెచ్చరించారు. శాస్త్రజ్ఞుల నిజాయితీకి అది నిదర్శనం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, 34 శాతం అన్న అంకె ప్రకటనలలోకి ఎక్కినంత సులభంగా 2,000 అన్న అంకె ఎక్కదు. "కొంచెం వేస్తే ఇంత పండితే, ఇంకొంచెం వేస్తే ఇంకెంత పండునో" అనుకోవడం రైతు స్వభావంలో ఉన్న ఆశ. యూరియా విషయంలో ఆ ఆశ ఎంత నష్టం కలిగించిందో ప్రతి పల్లెకూ తెలుసు.

జార్జియా నేర్పే పాఠం

తిరుపతి శాస్త్రజ్ఞుల హెచ్చరికకు సాక్ష్యం కావాలంటే అల్ఫారెట్టా వాసులు సముద్రం దాటనక్కరలేదు. 75వ నంబరు రహదారి మీద దక్షిణంగా సుమారు 200 మైళ్ళు పోతే టిఫ్టన్ వస్తుంది. అక్కడ జార్జియా విశ్వవిద్యాలయపు వ్యవసాయ ప్రాంగణం ఉంది. ఆ విశ్వవిద్యాలయపు వ్యవసాయ నిపుణులు వేరుశనగ రైతులకు చెబుతూ వచ్చిన హెచ్చరికలలో ఒకటి జింకు లోపం గురించి కాదు, జింకు ఆధిక్యం గురించి.

పీకాన్ తోటలకు జింకు అధికంగా కావాలి కనుక, ఏళ్ళ తరబడి ఆ తోటలకు జింకు వేస్తారు. తోట తీసివేసి అదే నేలలో వేరుశనగ వేస్తే, మిగిలిపోయిన జింకు పైరుకు విషమవుతుంది. మొక్కలు గిడసబారుతాయి, ఆకులు పసుపుబారుతాయి, కాడలు నేలకు దగ్గరగా చీలిపోతాయి. నేల ఆమ్లగుణం కలదైతే, అనగా పి.హెచ్. తక్కువైతే, జింకు మరింతగా కరిగి మరింత హాని చేస్తుంది. నేలలో కాల్షియం జింకు కంటే కనీసం 50 రెట్లుండాలన్నది అక్కడి వారు పాటించే లెక్క. జింకును ఒకసారి నేలలో వేశాక తిరిగి తీయడం దాదాపు అసాధ్యం. సున్నం వేసి దాని ఉధృతిని తగ్గించడమే చేయగలిగినది.

అక్కడ ఉన్నది నానో జింకు కాదు, మామూలు జింకే. అయినా పాఠం ఒకటే. రాయలసీమ చేలో మందుగా పనిచేసిన మూలకమే జార్జియా చేలో విషమైంది. పదార్థం మారలేదు. మోతాదు, నేల, చరిత్ర మారాయి. జింకు ఆక్సైడు నానో కణం నేలలో పడిన తరువాత క్రమంగా కరిగి జింకు అయానులుగా విడిపోతుంది. కాబట్టి నానో జింకుకూ ఈ లెక్కలు తప్పవు. నేల పరీక్ష చేయించకుండా "నానో మంచిదా, చెడ్డదా" అని అడగడం, రోగిని చూడకుండా మందును గురించి అడగడం వంటిదే.

వేరు బుడిపెలలోని మిత్రులు

వేరుశనగ, సోయాచిక్కుడు, కంది వంటి పైరులకు ఒక వరముంది. వాటి వేళ్ళ మీద ఉండే బుడిపెలలో నివసించే బాక్టీరియా గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చి మొక్కకు అందిస్తుంది. ఈ స్నేహం చెడితే నష్టం ఒక్క పంటతో పోదు, నేల సారమే తగ్గుతుంది.

2012లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా శాఖకు చెందిన పరిశోధకులు మరికొందరితో కలిసి సోయాచిక్కుడు మీద చేసిన పరిశోధన అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడింది. వారు రెండు రకాల నానో కణాలను నేలలో కలిపి, మొక్క మొలచిన నాటి నుంచి గింజ పట్టే వరకు పెంచారు. జింకు ఆక్సైడు వేసిన మొక్కలలో జింకు ఆకులలోకీ, గింజలలోకీ చేరింది. డీజిల్ ఇంధనంలో కలపడానికి వాడే సీరియం ఆక్సైడు వేసిన చోట మొక్కల పెరుగుదల, దిగుబడి తగ్గాయి. మోతాదు హెచ్చినచోట బుడిపెలలో నత్రజని స్థాపన దాదాపు ఆగిపోయింది. తిరుపతి వారు చూసింది ఆకునూ, కాయనూ, దిగుబడినీ. శాంటా బార్బరా వారు వాటితో పాటు బుడిపెను కూడా చూశారు. వేరుశనగ మీద జరగవలసిన పరిశీలన ఈ రెండింటినీ కలిపి, అనేక సంవత్సరాల పాటు, ఒకే నేల మీద సాగాలి. ఒక పంటకాలపు లాభం చూసి పదేళ్ళ నేలను పణంగా పెట్టడం వివేకం కాదు.

సీసాలో ఇమిడిన బస్తా

నానో పేరుతో తెలుగు పల్లెలకు ఎక్కువగా చేరినది జింకు కాదు, యూరియా. ఇఫ్కో సహకార సంస్థ తయారుచేసిన ద్రవరూప నానో యూరియాను కేంద్ర ప్రభుత్వం 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద గుర్తించింది. 500 మిల్లీలీటర్ల సీసా ఒకటి 45 కిలోల యూరియా బస్తాకు సమానమని ప్రచారం జరిగింది. 94 పంటల మీద, 11 వేలకు పైగా రైతుల పొలాలలో పరీక్షించగా దిగుబడి సగటున 8 శాతం పెరిగిందని ఆ సంస్థ ప్రకటించింది.

ఇక్కడ హైస్కూలు విద్యార్థి కూడా చేయగల లెక్క ఒకటుంది. బస్తా యూరియాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోలకు పైగా ఉంటుంది. మొదట వచ్చిన సీసాలో నత్రజని 4 శాతం, అంటే సుమారు 20 గ్రాములు. తేడా వెయ్యి రెట్లు. క్వింటాలు వడ్లలో కిలోకు పైగా నత్రజని ఉంటుంది. సీసాలోని ప్రతి అణువునూ మొక్క పీల్చుకున్నా అది రెండు కిలోల వడ్లకు కూడా చాలదు. 2024లో నత్రజని పాలు పెంచి విడుదల చేసిన 'నానో యూరియా ప్లస్'లో సైతం సీసాకు సుమారు 100 గ్రాములే. బస్తా యూరియాలో చాలా భాగం గాలిలోకీ, నీటిలోకీ పోతుందన్నది నిజమే. సగం కంటే ఎక్కువ వృథా అయినా కిలోల లెక్క కిలోలలోనే మిగులుతుంది, గ్రాములకు దిగదు.

కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మాక్స్ ఫ్రాంక్, సోరెన్ హుస్టెడ్ ఈ సందేహాన్నే ఒక శాస్త్రీయ పత్రికలో వివరంగా లేవనెత్తారు. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ళు పరిశీలించి, సిఫారసు చేసిన నత్రజనితో పోల్చితే నానో యూరియా పద్ధతిలో వరి దిగుబడి 13 శాతం, గోధుమ దిగుబడి 21.6 శాతం తగ్గినట్లు నివేదించింది. సంస్థ చెప్పిన అంకెకూ, విశ్వవిద్యాలయం చెప్పిన అంకెకూ ఇంత దూరమున్నప్పుడు రైతు ఏది నమ్మాలి?

తిరుపతిలో గెలిచిన నానో లూధియానాలో ఎందుకు ఓడింది? ఇందులో వైరుధ్యమేమీ లేదు. జింకు సూక్ష్మపోషకం, మొక్కకు చిటికెడు చాలు. ఆ చిటికెడు ఆకు ద్వారా చేరినా అవసరం తీరుతుంది. నత్రజని స్థూలపోషకం, అది గంపలతో కావాలి. గంపల అవసరాన్ని చిటికెతో తీర్చగల మహిమ ఏ పరిమాణానికీ లేదు. ఉగ్గుగిన్నెతో పోసి చెరువు నింపలేరు, గిన్నె బంగారపుదైనా సరే. కాబట్టి 'నానో' అన్నది గుణానికి పేరు కాదు, పరిమాణానికి మాత్రమే పేరు. ఆ మాట సీసా మీద కనిపించినంత మాత్రాన పొగడనక్కరలేదు, భయపడనూ అక్కరలేదు. లోపల ఏముంది, ఎంత ఉంది, ఎవరి నేలకు అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

ప్రవాసుల వంతు

భారత ప్రభుత్వపు జీవసాంకేతిక విభాగం 2020లో వ్యవసాయంలోనూ, ఆహారంలోనూ వాడే నానో ఉత్పత్తులను పరీక్షించవలసిన తీరును సూచిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. ఇది మెచ్చుకోదగిన పని. అయితే మార్గదర్శకం ఎంత చక్కగా ఉన్నా, తయారీదారుతో సంబంధం లేని పరీక్షలు పల్లె పల్లెకూ అందుబాటులో లేకపోతే అది కాగితం మీదనే ఉండిపోతుంది. అమ్మేవాడే పరీక్షకుడైనచోట కొనేవాడికి రక్షణ లేదు.

ప్రవాసాంధ్రులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఫోనులో సలహా చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు అడగడం. సీసాలో పోషకం ఎన్ని గ్రాములు? పొలంలో నేల పరీక్ష జరిగిందా? ఆ జిల్లా నేలలో విశ్వవిద్యాలయం చేసిన పరీక్ష ఏమి చెప్పింది? మోతాదు మించితే ఏమవుతుందో సీసా మీద వ్రాసి ఉందా? ఈ నాలుగింటికీ జవాబు దొరకనప్పుడు "పొలమంతా కొట్టు" అనీ, "అసలు ముట్టుకోకు" అనీ చెప్పకుండా, "పది సెంట్లలో వేసి చూడు, ప్రక్కన పది సెంట్లు ఎప్పటిలాగే ఉంచు, కాయలు విడిగా తూచు" అని చెప్పడం ఉత్తమం. శాస్త్రజ్ఞుడు చేసే పనీ ఇదే. రైతు చేస్తే విలువ తగ్గదు.

రెండవది, సంఘాల దానధర్మాల గురించి. తెలుగు సంఘాలు స్వదేశంలో కంటి శిబిరాలకూ, బడి గదులకూ చేస్తున్న సహాయం ప్రశంసనీయం. ఆ నిధులలో కొద్ది భాగం గ్రామాలలో నేల పరీక్షలకూ, ప్రాంతీయ పరిశోధన స్థానాలలో స్వతంత్ర పరీక్షలకూ మళ్ళితే, ఫలితం ఒక తరంతో ఆగదు. అందులో ఒక షరతు ఉండాలి: గెలిచిన ప్రయోగాన్నీ, ఓడిన ప్రయోగాన్నీ సమానంగా తెలుగులో ప్రచురించాలి. ఓటమి దాచిన ప్రయోగం రైతుకు అప్పుగా తిరిగివస్తుంది.

మూడవది, ఇక్కడ పెరుగుతున్న పిల్లల గురించి. బడిలో విజ్ఞాన ప్రదర్శనకు ఏమి చేయాలని అడిగే పిల్లలకు ఒక చక్కని ప్రయోగముంది. నానో పొడులు పీల్చడం ప్రమాదకరం కాబట్టి వాటి జోలికి పోకుండా, పెద్దల పర్యవేక్షణలో మామూలు జింకు సల్ఫేటునే వేర్వేరు పాళ్ళలో నీటిలో కలిపి, వేయించని వేరుశనగ విత్తనాలను కుండీలలో పెంచి కొలవవచ్చు. ఒక కుండీకి నీరు మాత్రమే పోయాలి. ఎక్కడివరకు మేలు, ఎక్కడి నుంచి కీడు అన్న గీత పిల్లల కళ్ళముందే కనిపిస్తుంది. ఆ గీతను ఒకసారి చూసిన బిడ్డ పెద్దయ్యాక ఏ ప్రకటననూ గుడ్డిగా నమ్మడు, ఏ పుకారుకూ బెదరడు.

నానో కణాలు పంటలకు శత్రువులు కావు, దేవతలూ కావు. అవి పదునైన పనిముట్లు. తెలుగు రైతు కొడవలిని వాడటం ఎరిగినవాడు. పదునెంతో, పిడి ఎటువైపో చెబితే దీనిని కూడా వాడుకోగలడు. ఆ రెండూ దాచకుండా చెప్పించడం చదువుకున్నవారి బాధ్యత. అల్ఫారెట్టాలో ఉన్నా, అనంతపురంలో ఉన్నా ఆ బాధ్యత తీరేది కాదు.